పిల్లల కోసం ఆసుపత్రి వెతుకుతున్నారా? నల్లగొండ, పాలమూరు దంపతులు డబ్బు కట్టే ముందు చేయాల్సిన పనులు

పెళ్లయి రెండేళ్లు దాటి, "ఏమన్న విశేషమా?" అని అడిగేవాళ్లు ఎక్కువైన ఇంట్లో మొదట జరిగేది కోడలిని ఎవరో ఒకరికి చూపించడం. ఎవరో చెప్పిన డాక్టరమ్మ దగ్గర ఆర్నెల్లు, ఇంకెవరో చెప్పిన మరో డాక్టరమ్మ దగ్గర ఇంకో ఆర్నెల్లు, మధ్యలో నాటు మందు. చివరికి నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో "ఉచిత సంతాన సాఫల్య శిబిరం" అనే ఫ్లెక్సీ చూసి వెళ్తారు. అక్కడి నుంచి హైదరాబాద్‌కి రమ్మంటారు. వెళ్లిన రోజే ప్యాకేజీ కాగితం చేతిలో పెడతారు. అప్పటికి భర్తకి ఒక్క పరీక్ష కూడా జరిగి ఉండదు.

ఈ వరుసను తిరగేయండి. ముందు ఇద్దరికీ పరీక్షలు జరగాలి. వాటిని బట్టి కారణం తెలుస్తుంది, కారణాన్ని బట్టి చికిత్స, ఆ చికిత్సను బట్టి ఆసుపత్రి. ఇద్దరి రిపోర్టులూ చూడకుండానే ఐవీఎఫ్ (టెస్ట్ ట్యూబ్ బేబీ) మాట ఎత్తే చోట ఎంత పెద్ద పేరున్నా రూపాయి కట్టొద్దని నేను గట్టిగా చెప్తాను.

ముందు మీ సమయం లెక్క చూసుకోండి

ఏ గర్భనిరోధక పద్ధతీ వాడకుండా, క్రమం తప్పకుండా కలుస్తూ ఏడాది గడిచినా నెల తప్పకపోతే పరీక్షలకు వెళ్లాలి. భార్య వయసు 35 దాటితే ఆరు నెలలకే వెళ్లాలి. నెలసరి రెండు మూడు నెలలకోసారి వస్తున్నా, గతంలో టీబీ వచ్చినా, కడుపు ఆపరేషన్ జరిగినా, భర్తకి పెద్దయ్యాక గవద బిళ్లలు వచ్చి వృషణాలు వాచినా ఏడాది కూడా ఆగనక్కర్లేదు.

మన ప్రాంతంలో ఈ ఏడాది లెక్క చాలామందికి తప్పుతుంది. భర్త ముంబైలోనో పుణెలోనో మేస్త్రీ పనికి పోతాడు, లేదా గల్ఫ్‌లో ఉంటాడు, లేదా లారీ మీద నెలకి ఇరవై రోజులు బయటే ఉంటాడు. దసరాకి వారం, సంక్రాంతికి నాలుగు రోజులు ఇంటికొస్తాడు. ఆ నాలుగు రోజులూ అండం విడుదలయ్యే రోజులు కాకపోతే ఆ నెల లెక్కలోకి రానట్టే. పెళ్లయి మూడేళ్లయిందన్న జంట నిజంగా ప్రయత్నించింది మూడు నాలుగు నెలలే అయి ఉండొచ్చు. అలాంటివారికి ముందు కావాల్సింది క్యాలెండరు.

నెలసరి మొదలైన రోజుని ఒకటో రోజుగా లెక్కపెట్టండి. 28 రోజులకోసారి వచ్చేవారికి అండం సుమారు 14వ రోజున విడుదలవుతుంది. వీర్యకణాలు లోపల ఐదు రోజుల దాకా బతకగలవు, అండం మాత్రం ఒక్క రోజే. అందుకే పదో రోజు నుంచి పదహారో రోజు వరకు రోజు విడిచి రోజు కలిస్తే చాలు. నెలసరి 35 రోజులకోసారి వస్తే ఈ రోజులు వారం ఆలస్యంగా వస్తాయి. భర్త సెలవు పెట్టుకునేటప్పుడు పండగ తేదీతో పాటు ఈ తేదీలు కూడా చూసుకోవాలి. అది అస్సలు కుదరనివారు వీర్యాన్ని ముందే ఫ్రీజ్ చేసి దాచే వీలుంది. దానికి ఇద్దరి రాతపూర్వక సమ్మతి కావాలి.

ఇంకో మాట. భార్యకి 22, 23 ఏళ్లే ఉండి, పరీక్షలన్నీ నార్మల్‌గా వస్తే ఇంకొన్ని నెలలు ఆగడం కూడా సరైన వైద్యమే. మన ఊళ్లలో పెళ్లిళ్లు తొందరగా అవుతాయి కాబట్టి చాలా జంటలకి ఈ వెసులుబాటు ఉంటుంది. చుట్టాల మాటలకి టెన్షన్ పడి దాన్ని పోగొట్టుకోవద్దు. 35 దాటినవారి విషయం వేరు, వారికి ప్రతి ఆరు నెలలూ లెక్కలోకి వస్తుంది.

భర్త పరీక్ష ముందు

పిల్లలు కలగని జంటల్లో మూడో వంతు నుంచి దాదాపు సగం దాకా కేసుల్లో మగవారి వైపు కారణం ఉంటుంది, ఒంటరిగానో భార్య వైపు కారణంతో కలిసో. వీర్య పరీక్ష చవకైనది, నొప్పి లేనిది, ఒక్క పూటలో అయిపోతుంది. ఆడవాళ్లకి చేసే, అండం గర్భాశయానికి చేరే ట్యూబుల పరీక్ష అలా కాదు, నొప్పి ఉంటుంది. అయినా మన ఇళ్లలో ముందు ఆమెకే అన్నీ చేయిస్తారు. "మా వాడికేం, ఎద్దులాగున్నడు" అంటారు. చూడటానికి బలంగా ఉండటానికీ, వీర్యకణాల సంఖ్యకీ, అంటే కౌంట్‌కీ సంబంధం లేదు. దాంపత్యంలో ఏ ఇబ్బందీ లేని మనిషికి కూడా కౌంట్ సున్నా ఉండొచ్చు.

పరీక్షకు ముందు కనీసం రెండు రోజులు, ఎక్కువలో ఎక్కువ ఏడు రోజులు కలయికకు దూరంగా ఉండాలి. శాంపిల్ ల్యాబ్‌లోనే ఇవ్వడం మంచిది. ఇంటి నుంచి తెస్తే గంటలోపు చేరాలి, దారిలో చల్లబడకుండా చొక్కా లోపల ఒంటికి ఆనించి తేవాలి. దేవరకొండ నుంచో అచ్చంపేట నుంచో బస్సులో తెచ్చే పని పెట్టుకోకండి, ఫలితం తప్పుగా వస్తుంది. శాంపిల్‌లో కొంత కింద పడితే సిగ్గుపడకుండా చెప్పండి. మొదట వచ్చే భాగంలోనే కణాలు ఎక్కువ ఉంటాయి, అది పోతే కౌంట్ తక్కువ చూపిస్తుంది.

రిపోర్టు చదవడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన కనీస అంకెలు ఇవి: పరిమాణం 1.4 మిల్లీలీటర్లు, మిల్లీలీటరుకి 1.6 కోట్ల కణాలు, కదిలేవి 42 శాతం, ఆకారం బాగున్నవి 4 శాతం. ఈ చివరి అంకె చూసి చాలామంది హడలిపోతారు. వందలో నాలుగే బాగున్నాయా అని ఏడ్చినవారున్నారు. 4 శాతం ఉంటే నార్మలే. ఇవి పిల్లలు పుడతారా లేదా అని తేల్చే గీతలు కూడా కావు. ఇంతకంటే తక్కువ ఉన్నవారికీ పిల్లలు పుట్టారు.

ఒక్క రిపోర్టు తేడాగా వస్తే అక్కడితో తీర్పు చెప్పుకోకండి. కొన్ని వారాలు ఆగి మళ్లీ చేయించండి. వీర్యకణం తయారవడానికి రెండున్నర నెలల దాకా పడుతుంది కాబట్టి, రెండు నెలల కింద వచ్చిన డెంగీ జ్వరం కూడా ఇవాళ్టి రిపోర్టులో కనిపిస్తుంది. అదే కారణంతో గుట్కా, సిగరెట్, మందు మానేస్తే ఫలితం మూడు నెలల తర్వాతే తెలుస్తుంది. పత్తి చేలకి మందు కొట్టేవారు మూతికి గుడ్డ, చేతికి గ్లౌజులు లేకుండా కొట్టొద్దు, ఆ పని కొన్నాళ్లు ఇంకొకరికి అప్పగిస్తే ఇంకా మంచిది. జిమ్‌లో కండల కోసం టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్లు తీసుకునే కుర్రాళ్లకి ఈ మాట తప్పక చెప్పాలి: అవి ఒంట్లో వీర్యకణాల తయారీనే ఆపేస్తాయి. కౌంట్ సున్నాకి పడిపోతుంది. మానేశాక చాలామందికి తిరిగి వస్తుంది, కానీ నెలలు పడుతుంది.

సున్నా అని వచ్చినా దారి మూసుకుపోలేదు. కణాలు తయారవుతూ గొట్టం దగ్గర అడ్డుపడ్డాయా, తయారీనే లేదా అన్నది యూరాలజిస్టు తేలుస్తారు. అడ్డుపడినవారికి వృషణం నుంచి సూదితో కణాలు తీసి ఇక్సీ (కణాన్ని సూదితో అండంలోకి పంపడం) చేయొచ్చు. ఈ పరీక్ష చేయకుండానే "దాత కణాలు వాడేద్దాం" అంటే ఒప్పుకోకండి.

భార్య పరీక్షలు: ఏది ఏ రోజున

ఆడవారి పరీక్షలకి నెలసరి తేదీతో ముడి ఉంటుంది. తేదీ తప్పితే మళ్లీ నెల ఆగాలి, మళ్లీ బస్సు, మళ్లీ కూలీ పోవడం. రెండో రోజో మూడో రోజో ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్ అనే హార్మోన్ల రక్త పరీక్షలు, అండాశయాల్లో ఎన్ని చిన్న ఫాలికిల్స్ (అండం పెరిగే సంచులు) ఉన్నాయో చూసే స్కాన్. థైరాయిడ్, ప్రొలాక్టిన్, షుగర్, హిమోగ్లోబిన్ కూడా చూడాలి. థైరాయిడ్, షుగర్ లాంటివి ప్రభుత్వ ఆసుపత్రుల ద్వారా తెలంగాణ డయాగ్నొస్టిక్స్‌లో ఉచితంగా చేస్తారు. మీ పీహెచ్‌సీలో అడగండి. నల్లగొండ, మహబూబ్‌నగర్ రెండుచోట్లా ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రులున్నాయి. మొదటి పరీక్షల కోసం అక్కడి గైనిక్ ఓపీకి వెళ్లడం ఏమాత్రం తక్కువ కాదు.

ఏఎంహెచ్ అనే పరీక్ష గురించి భయపెట్టడం ఈమధ్య ఎక్కువైంది. అది అండాల నిల్వ ఎంతుందో సుమారుగా చెప్తుంది. ఐవీఎఫ్ ఇంజెక్షన్లకి ఎన్ని అండాలు రావొచ్చో అంచనా వేయడానికి పనికొస్తుంది. అండాల నాణ్యత గురించి అది చెప్పదు, సహజంగా గర్భం రాదని అసలే చెప్పదు. 26 ఏళ్ల అమ్మాయికి ఏఎంహెచ్ తక్కువ వచ్చినంత మాత్రాన "ఈ నెలే ఐవీఎఫ్ చేయకపోతే ఇక లేదు" అంటే, ఆ కాగితం తీసుకుని ఇంకో డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

ట్యూబుల పరీక్షను హెచ్‌ఎస్‌జీ అంటారు. రక్తస్రావం ఆగిన తర్వాత, ఆరో రోజు నుంచి పదో రోజు లోపు, గర్భాశయంలోకి మందు ఎక్కించి ఎక్స్‌రే తీస్తారు. నొప్పి ఉంటుంది. గంట ముందు నొప్పి మాత్ర వేసుకోవచ్చా అని అడగండి, తోడుగా ఎవరినైనా తీసుకెళ్లండి. నొప్పికి ట్యూబు ముడుచుకుని మూసుకుపోయినట్టు కనిపించడం కూడా జరుగుతుంది, కాబట్టి ఒకవైపు మూసుకుందన్నా కంగారు పడకండి. రెండో ట్యూబు తెరిచి ఉంటే గర్భం రావొచ్చు.

రెండు ట్యూబులూ పాడయ్యాయంటే టీబీ గురించి అడగాలి. దగ్గు, జ్వరం ఏమీ లేకుండానే గర్భాశయానికి, ట్యూబులకి టీబీ రావడం మన దేశంలో తెలిసిన కారణమే. గర్భాశయం లోపలి పొర ముక్క తీసి పరీక్షిస్తారు. నిర్ధారణ అయితే టీబీ మందులు ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది.

"నీటి బుడగలు" అని మనవాళ్లు పిలిచే పీసీఓఎస్ ఉన్నవారికి నేను ధైర్యం చెప్పాలనుకుంటున్నాను. దానికి చికిత్స తేలికైనది. బరువు ఎక్కువుంటే ఐదు శాతం తగ్గినా, అంటే 70 కిలోల మనిషి మూడున్నర కిలోలు తగ్గినా, చాలామందికి నెలసరి దారిలో పడుతుంది. ఆ తర్వాత అండం విడుదలవడానికి ఇచ్చే లెట్రోజోల్ మాత్రలతోనే ఎందరికో గర్భం వస్తుంది. పీసీఓఎస్ అనగానే ఐవీఎఫ్ అనేవారి మాట వినొద్దు.

ప్రయత్నం మొదలుపెట్టిన రోజు నుంచే ఫోలిక్ యాసిడ్ రోజుకి 400 మైక్రోగ్రాములు వేసుకోండి. నాటు మందులు మానండి. వాటిలో ఏం కలుపుతున్నారో ఎవరూ రాసివ్వరు. మొక్కు మొక్కుకుంటే చెరువుగట్టుకి వెళ్లండి, మన్యంకొండకి వెళ్లండి, తప్పేం లేదు. పరీక్ష తేదీ మాత్రం తప్పొద్దు.

రిపోర్టులన్నీ తేదీల వరుసలో ఒకే ఫైల్‌లో పెట్టండి, ప్రతి కాగితానికీ ఫోన్‌లో ఫొటో తీసుకోండి. ఫైల్ ఆసుపత్రిలోనే ఉంచమంటే జిరాక్స్ ఇవ్వండి, అసలు మీ దగ్గరే ఉండాలి. ఆసుపత్రి మారాల్సి వస్తే అవే పరీక్షలకి మళ్లీ డబ్బు పెట్టకుండా కాపాడేది ఆ ఫైలే.

చికిత్స మెట్లు

మొదటి మెట్టు మాత్రలు, స్కాన్లు. నెలసరి రెండో రోజు నుంచో మూడో రోజు నుంచో ఐదు రోజులు లెట్రోజోల్, తొమ్మిదో పదో రోజు నుంచి ఫాలిక్యులర్ స్కాన్. ఫాలికిల్ 18 నుంచి 20 మిల్లీమీటర్లు అయ్యాక ఇంజెక్షన్ ఇస్తారు, సుమారు 36 గంటల్లో "ఎగ్ రప్చర్", అంటే అండం విడుదల అవుతుంది. ఆ రోజుల్లో కలవమంటారు. ఇదంతా జిల్లా కేంద్రంలోనే అవుతుంది, హైదరాబాద్ అక్కర్లేదు.

రెండోది ఐయూఐ. భర్త వీర్యాన్ని కడిగి, చురుకైన కణాలను సన్నని గొట్టంతో గర్భాశయంలోకి వదులుతారు. మత్తు ఉండదు, పది నిమిషాల పని. కనీసం ఒక ట్యూబు తెరిచి ఉండాలి, కౌంట్ మరీ తక్కువ ఉండకూడదు. పరిస్థితులు బాగున్న జంటల్లో ఒక్కోసారికి నూటికి పది, పదిహేను మందికి ఫలిస్తుంది. అంటే మొదటిసారి రాకపోవడమే ఎక్కువ. మూడు నాలుగు సార్లు చేసినా రాకపోతే అదే పని ఎనిమిది, పది సార్లు చేయించుకోవడం డబ్బు, కాలం రెండూ దండగ.

మూడోది ఐవీఎఫ్, మనవాళ్ల మాటలో టెస్ట్ ట్యూబ్ బేబీ. రెండు ట్యూబులూ పాడైనవారికి, కౌంట్ బాగా తక్కువున్నవారికి, కింది మెట్లు ఫలించనివారికి, వయసు మీదపడుతున్నవారికి ఇది అవసరం. ఎనిమిది నుంచి పన్నెండు రోజులు రోజూ ఇంజెక్షన్లు, మధ్యలో స్కాన్లు. తర్వాత మత్తిచ్చి అండాలు తీస్తారు, దీన్నే పికప్ అంటారు. ల్యాబ్‌లో భర్త కణాలతో కలుపుతారు. ఒక్కో అండంలోకి ఒక్కో కణాన్ని సూదితో పంపితే అది ఇక్సీ. మూడో రోజో ఐదో రోజో పిండాన్ని గర్భాశయంలో పెడతారు, దీన్నే ట్రాన్స్‌ఫర్ అంటారు. మిగిలినవి ఫ్రీజ్ చేస్తారు. సుమారు రెండు వారాలకి గర్భం నిలిచిందో లేదో చెప్పే బీటా హెచ్‌సీజీ రక్త పరీక్ష. భర్త రిపోర్టు నార్మల్‌గా ఉంటే మామూలు ఐవీఎఫ్ కంటే ఇక్సీ వల్ల ఎక్కువ లాభం లేదు, అయినా అందరికీ అదే చేసి అదనంగా తీసుకునే చోట్లున్నాయి. మీకు ఎందుకు అవసరమో అడగండి.

పది అండాలు వస్తే పది పిండాలు రావు. కొన్ని పక్వానికి రావు, కొన్ని కలవవు, కొన్ని మూడో రోజుకే ఆగిపోతాయి. చివరికి రెండో మూడో మిగలడం మామూలే. ఈ సంగతి ముందే చెప్పకపోతే ఇంట్లో "ఆసుపత్రోళ్లు మోసం చేసిన్రు" అన్న గొడవ మొదలవుతుంది.

మనవైపు మరో పరిస్థితి తరచుగా చూస్తాం. 23, 24 ఏళ్లకే ఇద్దరు పిల్లల తర్వాత కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయిపోయి, ఆ తర్వాత బిడ్డను పోగొట్టుకున్న తల్లులు. వారికి ట్యూబులు తిరిగి కలిపే ఆపరేషన్ ఉంది. తల్లి వయసు తక్కువుండి, ట్యూబు పొడవు తగినంత మిగిలి ఉంటే ఐవీఎఫ్ కంటే ముందు దాని గురించే అడగాలి. పాత ఆపరేషన్ కాగితం దొరికితే వెంట తీసుకెళ్లండి.

ఆసుపత్రి ఎంచుకోవడం

ఇప్పుడు మీ చేతిలో ఇద్దరి రిపోర్టులున్నాయి, ఏ మెట్టు దగ్గర ఉన్నారో తెలుసు. మాత్రలు, స్కాన్ల దశలో ఉంటే బస్సు దిగి నడిచి వెళ్లగలిగే మంచి గైనకాలజిస్టు చాలు. ఐయూఐ నుంచి చట్టం వర్తిస్తుంది. 2021లో వచ్చిన సహాయక పునరుత్పత్తి సాంకేతికత చట్టం, వాడుకలో ఏఆర్‌టీ చట్టం ప్రకారం లెవల్ 1 క్లినిక్ ఐయూఐ మాత్రమే చేయాలి, ఐవీఎఫ్ చేయాలంటే లెవల్ 2 రిజిస్ట్రేషన్ ఉండాలి. గోడ మీద ఆ సర్టిఫికెట్ చూడండి. అందులో ఉన్న ఆసుపత్రి పేరు, చిరునామా, గడువు తేదీ మీరు నిలబడ్డ చోటికి సరిపోవాలి. హైదరాబాద్ శాఖకి ఉన్న రిజిస్ట్రేషన్‌తో జిల్లా శాఖలో పని చేయకూడదు.

ఇది కాగితం ముచ్చట అనుకోవద్దు. 2025 జూలైలో సికింద్రాబాద్‌లో ఒక కేసు బయటపడింది. సరోగసీ (అద్దె గర్భం) ద్వారా పుట్టిందని చెప్పి లక్షలు తీసుకుని దంపతులకి ఒక బిడ్డను ఇచ్చారు, డీఎన్‌ఏ పరీక్ష చేయిస్తే వారి బిడ్డ కాదని తేలింది. పోలీసులు డాక్టర్‌ను అరెస్టు చేశారు. మన దేశంలో డబ్బిచ్చే సరోగసీ నేరం. "అంతా మేం చూసుకుంటాం, మీరు డబ్బు సర్దుకోండి" అన్న మాట వినబడితే అక్కడి నుంచి లేచి రండి.

డాక్టర్ ముందు కూర్చున్నప్పుడు అడగాల్సిన మొదటి ప్రశ్న: "నా వయసు, నా సమస్య ఉన్న ఆడవాళ్లలో ఒక్కో ప్రయత్నానికి ఎంతమంది బిడ్డతో ఇంటికి వెళ్లారు?" ఫ్లెక్సీ మీద రాసే 70, 80 శాతం ఎక్కువగా పరీక్ష పాజిటివ్ వచ్చినవారి లెక్క. పాజిటివ్ వచ్చినా అందులో కొన్ని మధ్యలో పోతాయి. 30 ఏళ్లవారినీ 42 ఏళ్లవారినీ కలిపి చెప్పిన అంకెకి అర్థం లేదు, ఎందుకంటే 35 దాటాక అవకాశం తగ్గుతూ వచ్చి, 40 దాటాక తన అండాలతో ఫలించడం బాగా కష్టమవుతుంది. ఈ ప్రశ్నకి విసుక్కునే డాక్టర్ కంటే, "మీ విషయంలో అవకాశం తక్కువ" అని నిజం చెప్పిన డాక్టర్‌ను నేను ఎక్కువ నమ్ముతాను.

ఎంబ్రియాలజిస్టు (ల్యాబ్‌లో పిండాల పని చూసే నిపుణులు) రోజూ ఇక్కడే ఉంటారా, కేసులున్న రోజు బయట నుంచి వస్తారా? పికప్ చేసేది మీరేనా, ఇంకొకరా? ఎన్ని పిండాలు పెడతారు? ఈ చివరిదానికి "ఎక్కువ పెడితే ఎక్కువ ఛాన్స్" అని జవాబొస్తే జాగ్రత్త. కవలలు అనగానే ఇంట్లో సంతోషిస్తారు గానీ, నెలలు నిండకుండా పుట్టడం, బీపీ, నెలల తరబడి ఎన్‌ఐసీయూ (పసిపిల్లల ఐసీయూ) ఖర్చు అన్నీ వెంట వస్తాయి. వయసు తక్కువున్న తల్లికి ఒక్క మంచి పిండం చాలు.

పీఆర్‌పీ (సొంత రక్తంలోంచి తీసిన ప్లేట్‌లెట్లు ఎక్కించడం), గర్భాశయాన్ని గీకడం, ఇంట్రాలిపిడ్ (నరంలోకి ఎక్కించే కొవ్వు ద్రవం), ఈఆర్‌ఏ (పిండం పెట్టే సమయం తేల్చే పరీక్ష) లాంటివి అదనంగా చెప్తారు. యూరప్ ఫెర్టిలిటీ నిపుణుల సంఘం 2023లో ఇలాంటి అదనపు వాటిని పరిశీలించి, చాలావాటిని అందరికీ మామూలుగా చేయొద్దని చెప్పింది. ఒక్కోదానికీ వేలకు వేలు అవుతుంది.

దూరం గురించి కూడా ఆలోచించాలి. నల్లగొండ నుంచైనా, మహబూబ్‌నగర్ నుంచైనా హైదరాబాద్ వంద కిలోమీటర్లు. ఐవీఎఫ్ నెలలో నాలుగైదు సార్లయినా వెళ్లాలి, అదీ పొద్దున్నే. ఆడవారికి పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో 2023 డిసెంబర్ నుంచి టికెట్ లేదు, ఆ మేరకు ఖర్చు తగ్గుతుంది. నల్లగొండవారికి ఎల్‌బీ నగర్, దిల్‌సుఖ్‌నగర్ వైపు, పాలమూరువారికి ఆరాంఘర్ వైపు ఉన్న ఆసుపత్రి అయితే సిటీలో ఇంకో గంటన్నర తిరగడం తప్పుతుంది. మధ్యలో స్కాన్లు మీ ఊళ్లో తీయించి వాట్సాప్‌లో పంపితే ఒప్పుకుంటారా అని ముందే అడగండి. రాత్రి పూట కడుపు నొప్పి వస్తే ఏ నంబర్‌కి ఫోన్ చేయాలో రాయించుకోండి.

డబ్బు

ప్రైవేటులో ఒక్క ఐవీఎఫ్ ప్రయత్నానికి మందులతో కలిపి లక్షన్నర నుంచి రెండున్నర లక్షల దాకా చెప్తుంటారు. లక్షే అని చెప్పిన చోట ఇంజెక్షన్లు, మత్తు డాక్టర్ ఫీజు, ఫ్రీజింగ్, ఫ్రీజ్ చేసిన పిండాన్ని తర్వాత నెలలో పెట్టే ఫ్రోజెన్ ట్రాన్స్‌ఫర్ విడిగా ఉంటాయి. ఏవేవి కలిసి ఉన్నాయో, ఏవి లేవో, అండాలు రాక మధ్యలో ఆపేస్తే ఎంత తిరిగిస్తారో కాగితం మీద రాయించుకోండి. పిండాలు దాచడానికి ఏడాదికి ఎంతో కూడా రాయించండి. చట్టం పదేళ్ల దాకా దాచనిస్తుంది.

"ఇవాళ కడితే ఇరవై వేలు తగ్గింపు" అంటారు. ఇంటికొచ్చి రెండు రోజులు ఆలోచించండి. ఐదు రూపాయల వడ్డీకి తెచ్చిన లక్ష ఫలించని నెల తర్వాత కూడా నెలకి ఐదు వేలు అడుగుతూనే ఉంటుంది. ఎన్ని ప్రయత్నాల దాకా వెళ్లగలరో, ఏది అమ్మగలరో, ఏది అమ్మకూడదో భార్యాభర్తలిద్దరూ మొదటి ఇంజెక్షన్‌కి ముందే కూర్చుని తేల్చుకోండి.

సికింద్రాబాద్ గాంధీ ఆసుపత్రిలో 2023 అక్టోబర్‌లో ప్రభుత్వం ఉచిత ఐవీఎఫ్ కేంద్రం ప్రారంభించింది. రిపోర్టుల ఫైల్, ఆధార్ పట్టుకుని అక్కడి ఓపీకి వెళ్లి, ఇప్పుడు ఏయే సేవలు నడుస్తున్నాయో, వరుస ఎంతుందో కనుక్కోండి. భార్య వయసు 30 లోపు ఉంటే కొన్ని నెలలు ఆగినా నష్టం లేదు. అప్పు చేసే ముందు ఈ ఒక్క రోజు ప్రయాణం చేసి తీరాలి.

సంతకం పెట్టే ముందు

చట్టం ప్రకారం ఈ చికిత్సలకి భార్య వయసు 21 నుంచి 50 లోపు, భర్త వయసు 21 నుంచి 55 లోపు ఉండాలి. సమ్మతి పత్రాలు ఇద్దరికీ అర్థమయ్యే భాషలో చదివి వినిపించమనండి. దాత అండం, దాత వీర్యం అన్న గళ్లు ఖాళీగా ఉంటే గీత కొట్టించి సంతకం పెట్టండి. మీకు తెలియకుండా దాత కణాలు వాడటం నేరం. దాత అవసరమైతే రిజిస్టర్ అయిన ఏఆర్‌టీ బ్యాంకు (దాతల అండాలు, వీర్యం సమకూర్చే సంస్థ) ద్వారానే రావాలి, అండం ఇచ్చే మహిళ వయసు 23 నుంచి 35 మధ్య ఉండాలి, ఆమె జీవితంలో ఒక్కసారే ఇవ్వాలి. ఆమెకి ఏడాది పాటు బీమా చేయించే బాధ్యత దంపతులదే. మరదలినో చెల్లెలినో తీసుకొస్తామంటే కుదరదు. మగపిల్లాడి పిండమే పెడతామనే మాట ఎవరు చెప్పినా అది జైలుకి పోయే నేరం.

ఇంజెక్షన్ల రోజులు, ఆ తర్వాత

చాలా హార్మోన్ ఇంజెక్షన్లను 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచాలి. ఏప్రిల్, మే నెలల్లో బస్సులో తెచ్చేటప్పుడు మందుల షాపులో ఐస్ ప్యాక్ పెట్టిన డబ్బా అడగండి. ఫ్రిజ్‌లో మధ్య అరలో పెట్టండి, గడ్డకట్టే చోట వద్దు. ఊళ్లో ఆర్‌ఎంపీతో వేయించే బదులు, పొట్ట మీద మీరే వేసుకోవడం నర్సు దగ్గర నేర్చుకోండి, కష్టం కాదు. పికప్‌కి ముందు వేసే ట్రిగ్గర్ ఇంజెక్షన్ చెప్పిన గంటకే పడాలి. రాత్రి పది అంటే పదే.

పొట్ట బాగా ఉబ్బడం, ఆగని వాంతులు, ఊపిరి ఆడకపోవడం, మూత్రం తగ్గడం, రెండు మూడు రోజుల్లోనే బరువు పెరగడం కనిపిస్తే తెల్లారేదాకా ఆగకండి. అండాశయాలు మందుకి అతిగా స్పందించినప్పుడు ఇలా అవుతుంది. పీసీఓఎస్ ఉన్నవారికి ప్రమాదం ఎక్కువ. అందుకే అలాంటివారికి పిండాలన్నీ ఫ్రీజ్ చేసి తర్వాతి నెల పెడతామంటే డాక్టర్ జాగ్రత్త పడుతున్నారని అర్థం.

ట్రాన్స్‌ఫర్ అయ్యాక మంచం దిగకుండా పడుకోవడం వల్ల లాభం లేదు, పరిశోధనల్లో కూడా లాభం ఉందని తేలలేదు. బస్సులో ఇంటికి రావొచ్చు, వంట చేసుకోవచ్చు. బరువులు మోయకండి, నాట్లకి వెళ్లకండి. ఇచ్చిన ప్రొజెస్టిరాన్ మందులు డాక్టర్ చెప్పేదాకా ఆపొద్దు, కొంచెం రక్తం కనబడినా సరే. పాజిటివ్ వచ్చాక ఒకపక్క పొత్తికడుపులో తీవ్రమైన నొప్పి, కళ్లు తిరగడం ఉంటే అది ట్యూబులో గర్భం కావొచ్చు. ఐవీఎఫ్‌లోనూ అలా జరుగుతుంది. వెంటనే స్కాన్ ఉన్న ఆసుపత్రికి వెళ్లాలి.

అత్తగారింట్లో ఎవరికి ఎంత చెప్పాలో నిర్ణయించుకునే హక్కు మీ ఇద్దరిది. ఫలితం వచ్చే తేదీ అందరికీ చెప్పకపోతే ఆ రోజు ఫోన్లు తక్కువగా మోగుతాయి. లోపం ఎవరిదని అడిగితే భర్త "మా ఇద్దరికీ వైద్యం జరుగుతోంది" అని చెప్పాలి. ఆ మాట ఆయన నోటి నుంచి రావాలి, భార్య నోటి నుంచి కాదు. అది ఆమెకి చాలా ధైర్యం.

నెగెటివ్ వస్తే ఒక్క నెల ఏమీ చేయకండి. తర్వాత ల్యాబ్ రిపోర్టు అడిగి తీసుకోండి: ఎన్ని అండాలు, ఎన్ని కలిశాయి, ఏ రోజు పిండం పెట్టారు, దాని గ్రేడ్ ఎంత, గర్భాశయ పొర మందం ఎంత. ఈసారి ఏం మారుస్తారో డాక్టర్‌ను అడగండి. "ఏమీ మార్చం, మళ్లీ చేద్దాం" అంటే ఆ రిపోర్టుతో రెండో అభిప్రాయానికి వెళ్లండి. ఆసుపత్రితో గొడవ ఉంటే, చట్టం ప్రకారం ప్రతి క్లినిక్‌లోనూ ఫిర్యాదుల విభాగం ఉండాలి. ముందు అక్కడ రాసిచ్చి, ఇచ్చినట్టు సంతకం తీసుకోండి.

దత్తత గురించి ఆలోచిస్తుంటే చికిత్స అంతా అయిపోయేదాకా ఆగొద్దు, వరుస పొడవుగా ఉంటుంది. పెళ్లయి రెండేళ్లు దాటిన దంపతులు కేంద్ర ప్రభుత్వ దత్తత సంస్థ అయిన కారా వెబ్‌సైట్‌లో పేరు నమోదు చేసుకోవచ్చు. రెండేళ్లలోపు బిడ్డ కావాలంటే ఇద్దరి వయసు కలిపి 85 దాటకూడదు. నమోదుకి సాయం కావాలంటే మీ జిల్లా బాలల పరిరక్షణ విభాగాన్ని అడగండి. ఆసుపత్రి ఆయా ద్వారానో, తండాలో తెలిసినవారి ద్వారానో బిడ్డను ఇప్పిస్తామని డబ్బు అడిగేవారు మన జిల్లాల్లో ఉన్నారు. దేవరకొండ వైపు ఇలాంటి శిశు విక్రయాలు ఎన్నోసార్లు వార్తల్లోకి వచ్చాయి. అలా తెచ్చుకున్న బిడ్డను చట్టం మీ బిడ్డగా ఒప్పుకోదు, బయటపడిన రోజున శిశుగృహకు తీసుకెళ్తారు. అలా ఎవరైనా అడిగితే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి.